మతోద్ధరణ ఎవరి కోసం? ఇటలీ చరిత్ర చెప్పే జవాబు

మతం మేల్కొంటే సంస్కృతి దానంతట అదే వికసిస్తుందన్న వాదన ఈ ఉపఖండంలోని రాజధానులన్నింటా ఇప్పుడు గట్టిగా వినబడుతున్నది. ఢిల్లీలో దానికి ఒక పేరు, ఇస్లామాబాదులో మరొక పేరు, కొలంబోలో ఇంకొక పేరు. దేవుడు మారవచ్చు, గ్రంథం మారవచ్చు, వాదన స్వరూపం మాత్రం మారదు. విశ్వాసం సడలినందువల్లనే పూర్వవైభవం పోయింది. అది తిరిగి రావాలంటే విశ్వాసాన్ని శుద్ధి చేయాలి. ఆ శుద్ధి బాధ్యతను అధికారం స్వీకరించాలి. ఇదీ వరస. దీనిని మన ఇంటి ఉదాహరణలతో పరీక్షించబోతే చర్చ రెండో వాక్యానికే పార్టీల జగడంగా మారిపోతుంది. అందువల్ల కొంత దూరం జరిగి, ఈ ప్రయోగం నాలుగున్నర శతాబ్దాల కిందటే పూర్తి స్థాయిలో జరిగిన ఒక దేశాన్ని పరిశీలించడం మేలు. ఆ దేశం ఇటలీ.

మన పాఠశాల చరిత్ర పుస్తకాల్లో యూరప్ గురించి మూడు పాఠాలు వరసగా వచ్చేవి. సాంస్కృతిక పునరుజ్జీవనం, మత సంస్కరణోద్యమం, ప్రతి సంస్కరణోద్యమం. మొదటి రెండింటికీ పేజీలకు పేజీలు. మూడవది అర పేజీలో ముగిసేది. కాని ఇటలీ సంస్కృతి తరువాతి మూడు వందల ఏళ్ళలో ఏమైందో తెలియాలంటే ఆ అర పేజీ దగ్గరే ఆగి చదవాలి.

నిజమైన మేల్కొలుపు

మొదట ఒక న్యాయం పాటించాలి. పదహారో శతాబ్దపు కాథలిక్ ఉద్ధరణ కేవలం అణచివేత యంత్రాంగం కాదు. 1517లో జర్మనీలో మార్టిన్ లూథర్ తిరుగుబాటు చేయడానికి ముందే, చర్చి కుళ్ళిపోయిందన్న బాధ ఇటలీలోని భక్తులలోనే ఉంది. బిషప్ పదవి పొందిన వారు తమ మండలం ముఖం చూడకుండానే రాబడి అనుభవించేవారు. పూజారులలో అనేకులకు తాము చదివే లాటిన్ ప్రార్థనకు అర్థం తెలియదు. 1545లో మొదలై, మధ్యమధ్య ఆగుతూ, 1563లో ముగిసిన ట్రెంట్ మహాసభ ఈ జబ్బులకు మందు వేసింది. బిషప్పులు తమ మండలాలలోనే నివసించాలని నిర్దేశించింది. పూజారుల శిక్షణకు విద్యాలయాలు నెలకొల్పాలని ఆదేశించింది.

మిలాన్ ఆర్చ్‌బిషప్ కార్లో బొరొమియో 1576లో ప్లేగు ప్రబలినప్పుడు అధికారులు, సంపన్నులు నగరం విడిచి వెళ్ళినా తాను మాత్రం రోగుల మధ్యనే ఉండిపోయాడు. రోమ్‌లో ఫిలిప్పో నేరి సామాన్య జనాన్ని సాయంత్రాలలో కూడదీసి ప్రార్థన, సంగీతం కలిపి నడిపిన గోష్ఠుల నుంచే ‘ఒరటోరియో’ అనే సంగీత రూపానికి ఆ పేరు వచ్చింది. అదే నగరంలో 1597లో జోసెఫ్ కలసాంజ్ అనే స్పెయిన్ దేశపు పూజారి పేద పిల్లలకు ఉచిత పాఠశాల తెరిచాడు. నేడు మన గోడలకు వేలాడే కాలెండరు సైతం 1582లో పదమూడవ గ్రెగరీ పోపు ప్రవేశపెట్టినదే. హుబెర్ట్ యెదిన్ అనే చర్చి చరిత్రకారుడు 1946లో ‘కాథలిక్ సంస్కరణ’, ‘ప్రతి సంస్కరణ’ అని రెంటినీ వేరుచేసి చూడమన్నాడు. లోపలి నుంచి పుట్టిన శుద్ధి ఒకటి, శత్రువును చూసి పుట్టిన కాఠిన్యం మరొకటి. ఆలోచనలో ఆ విభజన సబబే. ఆచరణలోకి వచ్చేసరికి రెంటినీ నడిపినవి అవే చేతులు. చిక్కంతా అక్కడే మొదలయింది.

రాతిలో, రంగులో

ఉద్ధరణ వల్ల కళ వికసించిందని చెప్పేవారికి ఇటలీలో సాక్ష్యాలకు లోటు లేదు. రోమ్‌లో జెసూట్ల ప్రధాన ఆలయం, పాలెస్త్రీనా స్వరరచనలు, సెయింట్ పీటర్స్ ముందు రెండు చేతులు చాచినట్టుండే బెర్నిని స్తంభాల వరస, వీటిని చూసి కాదనగలవారెవరు? చదువురాని భక్తుని హృదయాన్ని చిత్రం నేరుగా తాకాలని ట్రెంట్ మహాసభ కోరింది. ఆ కోరికే బరోక్ కళకు ఊపిరి.

అయితే ఆ కళాఖండాలు ఎలా పుట్టాయో కూడా చూడాలి. సిస్టైన్ ప్రార్థనాలయం గోడపై మైకెలాంజిలో 1541లో పూర్తిచేసిన ‘అంతిమ తీర్పు’లో నగ్నదేహాలు ఉన్నాయని మతాధికారులు అభ్యంతరపెట్టారు. 1564లో వాటిని కప్పాలని నిర్ణయించారు. ఆ ఏడాదే మైకెలాంజిలో మరణించాడు. మరుసటి ఏడాది ఆయన శిష్యుడే అయిన దానియేలె ద వోల్తెర్రా బొమ్మలకు గుడ్డలు తొడిగాడు. జనం అతనికి ‘లాగులు కుట్టేవాడు’ అని పేరు పెట్టారు. మంచి చిత్రకారుడే, చరిత్రలో మాత్రం ఆ ఎగతాళి పేరుతోనే మిగిలాడు.

1573లో వెనిస్ చిత్రకారుడు పావొలో వెరోనెసె ఏసు చివరి విందును పెద్ద గోడంత చిత్రంగా గీశాడు. అందులో విదూషకులు, మరుగుజ్జులు, తాగినవారు, జర్మన్ సైనికులు కూడా ఉన్నారు. మత విచారణ న్యాయస్థానం ఆయన్ను పిలిపించి, పవిత్ర విందులో వీరికేం పని అని నిలదీసింది. కవులకూ పిచ్చివారికీ ఉన్నపాటి స్వేచ్ఛ చిత్రకారులకూ ఉంటుందన్న భావంతో ఆయన జవాబిచ్చాడు. మూడు నెలల్లో సొంత ఖర్చుతో చిత్రాన్ని సరిదిద్దాలని తీర్పు వచ్చింది. వెరోనెసె బొమ్మలను దాదాపు ముట్టుకోలేదు. శీర్షిక మార్చి ‘లేవీ ఇంట విందు’ అన్నాడు. ఆ విందులో పాపులు కూర్చున్నారని సువార్తలోనే ఉంది గనుక ఎవరూ మాట్లాడలేకపోయారు.

కారవాజ్జో సంగతీ ఇంతే. పేదల కోసం కళ అన్న ఆదేశాన్ని అక్షరాలా పాటించినవాడు అతడే. మట్టిపాదాల యాత్రికులను మేరీమాత ముందు మోకరిల్లజేశాడు. మేరీమాత మరణాన్ని సామాన్య స్త్రీ మరణంలా, ఉబ్బిన దేహంతో చిత్రిస్తే, దాన్ని కోరి గీయించుకున్న ఆలయమే వెనక్కి తిప్పికొట్టింది. ఆ చిత్రం నేడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పేదలకు అర్థమయ్యే కళ కావాలి, పేదలు ఉన్నదున్నట్టు మాత్రం కనబడరాదు. ఉద్ధరణ రాజకీయం ఏ కాలంలోనైనా చిక్కుకునే ముడి ఇది. బరోక్ మహాకృతులలో విశ్వాసం పాత్ర ఎంతో, ఆ విశ్వాసపు కాపలాదారులతో కళాకారులు చేసిన బేరసారాల పాత్రా అంతే.

నిషేధించినది దేనిని?

1542లో రోమ్ కేంద్రంగా మత విచారణ వ్యవస్థ పునర్నిర్మితమయింది. 1553లో రోమ్‌లోని కాంపో దె ఫియోరి కూడలిలో యూదుల తాల్ముద్ గ్రంథ ప్రతులను రాశిపోసి తగులబెట్టారు. 1555లో నాలుగవ పాల్ పోపు రోమ్ యూదులను గోడల మధ్య వాడకు పరిమితం చేశాడు. ఆ నిర్బంధం 1870 వరకూ పూర్తిగా తొలగలేదు. 1559లో నిషిద్ధ గ్రంథాల జాబితా వెలువడింది. 1600 ఫిబ్రవరి 17న తత్త్వవేత్త జోర్డానో బ్రూనోను సజీవంగా దహించినది కూడా ఆ కాంపో దె ఫియోరిలోనే. పుస్తకాలకు పెట్టిన మంట మనుషులను చేరడానికి అదే కూడలిలో అర్ధశతాబ్దం కూడా పట్టలేదు.

సమర్థకులు నైతికత కోసం అంటారు. బొకాచియో ‘డెకామెరాన్’ గతి చూస్తే ఆ మాట నిలవదు. పద్నాలుగో శతాబ్దపు ఈ కథల పుస్తకం ఇటలీ వచనానికి ఆదర్శం. శృంగారం దండిగా ఉన్న పుస్తకం. అది నిషిద్ధ జాబితాకెక్కితే ఫ్లారెన్స్ పండితులు కలవరపడి, దిద్దిన ప్రతికి అనుమతి తెచ్చుకున్నారు. 1573లో వెలువడిన ఆ ప్రతిలో శృంగారం చాలావరకు అలాగే ఉంది. మారినది పాత్రల వేషం. తప్పుచేసే సన్యాసులు గృహస్థులయ్యారు, సన్యాసినులు కులీన స్త్రీలయ్యారు. అంటే వ్యభిచార కథ చెప్పవచ్చు. దాన్ని మతగురువు చేశాడని చెప్పరాదు. నిషేధాల చరిత్రంతటిలో ఇంత నిజాయితీగా బయటపడిన సందర్భం మరొకటి అరుదు. కత్తెర వెతికింది అశ్లీలాన్ని కాదు, అధిక్షేపాన్ని. ‘మనోభావాలు గాయపడ్డాయి’ అన్న మాట మన దేశంలో వినబడిన ప్రతిసారీ ఈ 1573 నాటి ప్రతిని గుర్తుచేసుకోవాలి. గాయపడినది భావమా, పెత్తనమా అన్నది తేల్చుకోవడానికి అది మంచి గీటురాయి.

పిండిమర మనిషి చదువు

రాజులు, చిత్రకారులు, పండితులు ఏదో ఒక దారి వెతుక్కున్నారు. అసలు మూల్యం చెల్లించినది సామాన్య పాఠకుడు. బైబిలు ఇటాలియన్ అనువాదం వెనిస్‌లో 1471లోనే అచ్చయింది. లూథర్ ఇంకా పుట్టనే లేదు. ప్రజల భాషలో పవిత్ర గ్రంథాన్ని అచ్చువేయడంలో ముందువరసలో నిలిచిన దేశం, ఆ శతాబ్దం తిరిగేలోగా దాన్ని తన ప్రజల చేతుల్లోంచి లాక్కుంది. 1559లో ఆంక్షలు మొదలయ్యాయి. 1596 నాటి జాబితాతో అవి దాదాపు సంపూర్ణ నిషేధమయ్యాయి. ఇళ్ళలోని ప్రతులను జప్తు చేశారు, కాల్చారు. 1750ల చివర వరకూ ఆ తలుపు తిరిగి తెరుచుకోలేదు. క్రైస్తవాన్ని రక్షించడానికి క్రైస్తవ గ్రంథాన్నే క్రైస్తవుల నుంచి దాచవలసి వచ్చింది. ఉద్ధరణ అధికారంతో జతకడితే చివరికి చేరే వింత స్థలం ఇది.

ఈశాన్య ఇటలీలోని ఫ్రియూలి ప్రాంతంలో మెనోక్కియో అనే పిండిమర యజమాని ఉండేవాడు. అసలు పేరు దొమెనికో స్కాందెల్లా. కార్లో గింజ్‌బుర్గ్ 1976లో ప్రచురించిన గ్రంథం వల్ల ప్రపంచానికి తెలిశాడు. కొన్నీ, అడిగి తెచ్చుకునీ డజను దాకా పుస్తకాలు చదివాడు. వాటిలో ఇటాలియన్ బైబిలు, కత్తెర పడని డెకామెరాన్ ఉన్నాయి. చదివినదంతా తన బుర్రలో మరగబెట్టి, పాలు విరిగి జున్నయినట్టు ప్రపంచం ఏర్పడిందనీ, ఆ జున్నులో పుట్టిన పురుగులే దేవదూతలనీ ఒక సిద్ధాంతం చెప్పాడు. పోనీ, పిచ్చి ఊహ అనుకుందాం. న్యాయాధిపతుల ముందు ఆయన మరొక మాట కూడా అన్నాడు. కోర్టుల్లో లాటిన్ వాడడం పేదలకు చేసే ద్రోహమనీ, తమ వ్యాజ్యంలో ఏం మాట్లాడుతున్నారో వారికి తెలియదనీ దాని సారాంశం. హైకోర్టు బయట తన కేసు ఏమైందో ఇంగ్లిషు తెలిసినవారిని అడిగి తెలుసుకునే మన కక్షిదారుకు ఈ మాట వివరించనక్కరలేదు. మెనోక్కియోను ఒకసారి జైలుకు పంపి వదిలారు. మళ్ళీ నోరు విప్పాడు. రెండవ విచారణ తరువాత 1599లో మరణశిక్ష అమలయింది.

1861లో ఇటలీ ఏకమయ్యేనాటికి జనాభాలో నాలుగింట మూడు వంతుల మందికి పైగా నిరక్షరాస్యులు. ఉత్తర యూరప్‌లో ఇంటింటా బైబిలు చదవడమే అక్షరాస్యతకు ఒక దారి అయినప్పుడు, ఇక్కడ ఆ దారే మూతపడింది. దీనికంతటికీ నిషేధమే కారణమనడం అతిశయోక్తి. స్పెయిన్ పెత్తనం, అట్లాంటిక్ వైపు మళ్ళిన వాణిజ్యం, 1630 నాటి ప్లేగు, దక్షిణాది భూస్వామ్యం, అన్నీ ఉన్నాయి. కాని మూతపడిన దారిని లెక్కలోంచి తీసివేయలేము.

దేశం దాటిన అక్షరం

గెలీలియో సంగతి అందరికీ తెలుసు గనుక ఒక్క వివరం చాలు. 1633లో రోమ్‌లో మోకాళ్ళపై నిలబెట్టి ఆయన చేత తన అభిప్రాయాన్ని త్యజింపజేశారు. ఆ తరువాత గృహనిర్బంధంలో రాసిన గతిశాస్త్ర గ్రంథాన్ని ఇటలీలో అచ్చువేయడం వీలుకాలేదు. 1638లో అది హాలండులోని లైడెన్‌లో అచ్చయింది. అంతకుముందే వెనిస్ సన్యాసి పావొలో సార్పి రాసిన ట్రెంట్ మహాసభ చరిత్ర 1619లో లండన్‌లో వెలువడింది. ఒకప్పుడు యూరప్‌కంతటికీ పుస్తకాలు అచ్చువేసి పంపిన వెనిస్ సొంత బిడ్డ రచన పరాయి రేవుకు వెళ్ళవలసి వచ్చింది. ఇటలీలో పర్యటించి గెలీలియోను చూసి వచ్చిన ఆంగ్ల కవి మిల్టన్, 1644లో ముందస్తు అనుమతుల చట్టానికి వ్యతిరేకంగా రాసిన వ్యాసంలో ఇటలీనే ఉదాహరణ చూపాడు. అక్కడి విద్వాంసులు తమ దేశపు మేధ అణగిపోయిందని తనతో వాపోయారని రాశాడు. పత్రికా స్వేచ్ఛకు తొలి వాదనల్లో ఒకటి ఇటలీ దుస్థితిని చూసి పుట్టిందన్న సంగతి పాత్రికేయులు మరవరాదు.

ఇదే ఉద్ధరణ మన గడ్డపై వేరే ముఖం చూపింది. రోమ్‌లో పుట్టిన జెసూట్ రాబర్టో దె నోబిలి 1606లో మధుర చేరాడు. తెలుగు మూలాల నాయక రాజులు ఏలుతున్న నగరం అది. ఆయన కాషాయం కట్టి, శాకాహారిగా మారి, తమిళం, సంస్కృతం, తెలుగు నేర్చుకున్నాడు. మతం మారిన వారు జంధ్యం, పిలక ఉంచుకోవడాన్ని పదిహేనవ గ్రెగరీ పోపు 1623లో అనుమతించాడు. స్వదేశంలో పిండిమర మనిషి ఊహను సహించని వ్యవస్థ పరదేశంలో ఇంత సర్దుబాటు చూపడం విశేషమే. అయితే సర్దుబాటు ఎవరితో జరిగిందో గమనించాలి. కులాన్ని లౌకికాచారంగా భావించి అది ముట్టుకోకుండా వదిలేసింది. అక్కడ కింది మనిషి ప్రశ్నను ఆర్పింది. ఇక్కడ పైవాని ఆచారానికి తలవంచింది. రెండు చోట్లా గౌరవం దక్కినది బలవంతునికే.

ఓటరు ఇచ్చిన తీర్పు

ఆధునిక ఇటలీ ఈ వారసత్వాన్ని మోస్తూనే వచ్చింది. 1889లో బ్రూనో దహనమైన కూడలిలోనే ఆయన విగ్రహం నిలిపారు. 1929లో ముస్సోలినీ పోపుతో ఒప్పందం చేసుకుని కాథలిక్ మతాన్ని రాజ్యమతంగా గుర్తించాడు. 1947లో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి సైతం ఆ ఒప్పందాన్ని రాజ్యాంగంలో చేర్చడానికి ఓటు వేయించాడు. విశ్వాసులతో తగవు పెట్టుకుంటే గణతంత్రం నిలవదన్నది ఆయన అంచనా. ఆ తరువాత క్రైస్తవ డెమోక్రాట్ల పాలన దశాబ్దాలు సాగింది. అయినా 1974లో విడాకుల చట్టాన్ని రద్దు చేయాలని చర్చి పెద్దలు, పాలక పక్షం కలిసి కోరితే 59 శాతం మంది వద్దన్నారు. 1981లో గర్భస్రావ చట్టం రద్దును 68 శాతం మంది తిరస్కరించారు. ఓటేసిన వారిలో అత్యధికులు బాప్తిస్మం పొందినవారే. చర్చిలోనే పెళ్ళాడి, ఊరి దేవత ఊరేగింపులో భుజం పట్టినవారే. గుడికి వెళ్ళే మనిషి గుడి చెప్పినట్టు ఓటేస్తాడనుకోవడం ఎంత పొరపాటో వారు చూపారు.

సంస్కృతిలోనూ ఇదే జరిగింది. 1963లో చిత్ర దర్శకుడు పసోలీనికి రాజ్యమతాన్ని అవమానించాడన్న నేరంపై న్యాయస్థానం నాలుగు నెలల శిక్ష వేసింది. మార్క్సిస్టు, నాస్తికుడు. మరుసటి ఏడాదే ఆయన మత్తయి సువార్త ఆధారంగా ఒక చిత్రం తీసి దివంగత పోపు ఇరవై మూడవ జాన్‌కు అంకితమిచ్చాడు. ఏసుపై వచ్చిన చిత్రాల్లో బహుశా ఇదే ఉత్తమమని అర్ధశతాబ్దం తరువాత వాటికన్ పత్రికే మెచ్చుకుంది. శిక్ష వేసిన తీర్పు ఇప్పుడెవరికి గుర్తుంది?

ఇక వర్తమానం. జపమాలను ముద్దాడే రాజకీయం ఇటలీలో మళ్ళీ బలపడింది. 2018 ఎన్నికల సభలో లీగ్ నాయకుడు సాల్వీని జపమాల చేతబట్టి సువార్త మీద ప్రమాణం చేశాడు. తాను స్త్రీననీ, తల్లిననీ, క్రైస్తవురాలిననీ చాటుకున్న మెలోనీ 2022లో ప్రధాని అయ్యారు. అదే కాలంలో ఆలయాలు ఖాళీ అవుతున్నాయి. 2001లో ఇటాలియన్లలో మూడింట ఒక వంతుకు పైగా వారం వారం ప్రార్థనకు వెళ్ళేవారు. 2022 నాటికి అది ఐదింట ఒక వంతు కంటే తగ్గింది. తరగతి గదిలో శిలువ ఉండవచ్చునా అన్న వివాదంలో 2006లో ఇటలీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం, అది రాజ్యాంగ విలువలకూ సంకేతమేనని సమర్థించింది. 1995లో మన సుప్రీంకోర్టు హిందుత్వను జీవన విధానమన్న తీర్పుతో దీనిని పోల్చి చూడండి. మతాన్ని రాజ్యం గోడమీద ఉంచాలంటే ముందు అందులోంచి దేవుణ్ణి తీసివేసి సంస్కృతి అని పేరు పెట్టాలి. నిజమైన భక్తుడు దీనికి సంతోషించాలో విచారించాలో ఆలోచించుకోవాలి.

ఈ మొత్తం చరిత్ర నుంచి మతం చెడ్డదన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. ప్లేగు నగరంలో నిలిచిన బొరొమియోను, పేద పిల్లల బడిని ఏ లౌకికవాదీ చిన్నచూపు చూడరాదు. విశ్వాసం సేవకు, సంగీతానికి, చదువుకు పూనుకున్నప్పుడు ఇటలీ సంస్కృతి నిండుకుంది. పాఠకుని చేతిలోని పుస్తకం మీదకు చేయి చాచినప్పుడు అదే సంస్కృతి చిక్కిపోయింది, దాంతోపాటు విశ్వాసమూ చిక్కింది. 2015లో తమిళ రచయిత పెరుమాళ్ మురుగన్ తనలోని రచయిత మరణించాడని ప్రకటించవలసి వచ్చినప్పుడు మనం చూసినది ఆ చాచిన చేయినే. మరుసటి ఏడాది మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన నిలవడం మనకు మిగిలిన ఊరట.

కనుక ఉద్ధరణ నినాదంతో ఎవరు ముందుకు వచ్చినా అడగవలసిన ప్రశ్న దేవుని గురించి కాదు. మీ రాజ్యంలో పిండిమర మనిషి తనకు నచ్చిన పుస్తకం చదివి, తనకు తోచింది చెప్పి, రాత్రి ఇంటికి వెళ్ళి నిద్రపోగలడా? ఈ ప్రశ్నకు ఇటలీ జవాబివ్వడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. మనకు అంత వ్యవధి లేదు.